స్విఫ్టుకు 17 ఇంచుల అలాయ్స్: తాడిపత్రి రోడ్డుకు తట్టుకుంటాయా?

అనంతపురం స్విఫ్ట్

నాది 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ. కంపెనీ ఇచ్చినవి 14 ఇంచుల ఇనప రిమ్ములు, 165/80 టైర్లు. వీల్ కప్పులు రెండు యాడ రాలిపోయాయో దేవుడికే తెలియాలి, మిగతా రెండూ ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి నిలబెట్టా. టైర్లు గుండయ్యాయి. ఎటూ మార్చాలి కదా, ఇనప రిమ్ముల బదులు అలాయ్సే (అల్యూమినియం కలిపి పోతపోసిన రిమ్ములు) వేయించేద్దామని షాపుకు పోయా. 17 ఇంచులవి, నల్లవి, అంచు మీద సన్నటి ఎర్ర గీత. 205/45 టైరు ఎక్కించిన చక్రం ఒకటి దొర్లించుకొచ్చి నా బండి పక్కన ఆనించాడు. అప్పటి నుంచి నిద్ర లేదు.

చిక్కేమిటంటే నా ఉద్యోగం తాడిపత్రిలో, రోజూ పోయి రావాలి. నాపరాళ్ల లారీలు తిరిగే దారి. వాన పడితే గుంత ఎక్కడుందో ముందు పోయే లారీ ఎగిరినప్పుడే తెలుస్తుంది. మా నాయనేమో "ఉన్న చక్రాలు గుండ్రంగానే ఉన్నాయి కదరా" అంటాడు. పెట్టించుకున్న వాళ్లెవరైనా చెప్పండి.

కర్నూలు పాత పిచ్చోడు

తమ్ముడూ, నేను పెట్టి తీసేసిన వాణ్ని. నాదీ స్విఫ్టే, అదే 17, అదే 205/45.

బేతంచెర్లలో పెళ్లికి పోయి రాత్రి వస్తున్నా. ఎదురుగా లారీ లైటు కళ్లలో కొట్టింది, ఎడమ చక్రం గుంతలో పడింది. టప్ మని ఒకే శబ్దం. దిగి చూస్తే గీత కూడా లేదు. సరే, బతికాం అనుకున్నా. పొద్దున చూస్తే టైరు సగం కూర్చుంది. పంచర్ షాపులో తొట్టిలో ముంచి తిప్పితే టైరులో మేకు లేదు, ముల్లు లేదు. బుడగలు రిమ్ము అంచు దగ్గర వస్తున్నాయి. లోపలి వైపు బొటనవేలంత మేర వంగింది. బయటి నుంచి చూస్తే మాత్రం పెళ్లికొడుకే.

ఎందుకలా అంటే లెక్క చాలా చిన్నది. 165/80 అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, అందులో 80 శాతం గోడ ఎత్తు. అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 132 మిల్లీమీటర్ల రబ్బరు గోడ. 205/45కు అది 92 మాత్రమే. నాలుగు సెంటీమీటర్ల దిండు తీసేసి గుంతలోకి దూకమంటున్నావు. ఇనప రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు. అలాయ్ ఒక మోస్తరుగా వంగితే తీస్తారు గానీ, చీలితే మాత్రం వెల్డింగ్ చేస్తానన్నవాడి దగ్గర నిలబడొద్దు, ఇంటికి పో.

పైగా చక్రం బరువెక్కితే బండి లేవడానికి మొరాయిస్తుంది. ఏసీ వేసుకుని డోన్ వైపు ఎత్తు ఎక్కుతుంటే నాకు బాగా తెలిసేది.

కడప అలైన్‌మెంట్

మా షాపులో రోజూ చూసేది చెప్తా. సైజు గురించి అందరూ అడుగుతారు, నడిమి బొక్క గురించి ఒక్కరూ అడగరు. స్విఫ్టుకు బోల్టులు 4x100, అంటే 100 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు. చక్రం నడిమి బొక్కలో కూర్చునే హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే రిమ్ముల్లో చాలావాటికి బొక్క 73.1 ఉంటుంది, అన్ని బండ్లకూ సరిపోవాలని. ఆ సందు పూడ్చే హబ్ రింగు మధ్యలో వేయకపోతే చక్రం నడిమధ్యన సరిగ్గా కూర్చోదు. ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. కస్టమరు మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించి మమ్మల్ని తిట్టుకుంటూ పోతాడు. కావాల్సింది ఒక ప్లాస్టిక్ రింగే.

రెండోది ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత. చక్రం బయటికి పొడుచుకొస్తే చూపుకు బాగుంటుంది, బేరింగు మీద మాత్రం లోడు పెరుగుతుంది. వెనక ముగ్గురిని ఎక్కించుకుని, డిక్కీ నింపుకుని తిరుమల పోయి చూడు, టైరు మడ్‌గార్డు అంచును గీరుకుంటుంది.

ఇంకోటి, టైరు మీద సైజు పక్కన, ఒక్కో టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే నంబరు ఉంటుంది, చూడు. మీ పాత టైరు 85, అంటే 515 కిలోలు. మామూలు 205/45 ఆర్17 టైరు 84, అంటే 500. పెద్ద టైరు కదా, ఎక్కువ మోస్తుందనుకుంటారు. అలా ఉండదు.

గుత్తి కుర్రోడు

అన్నలందరూ భయపెట్టేస్తున్నారు. నేను 16 వేసి నాలుగేళ్లయింది, 195/55. మొత్తం ఎత్తు పాత చక్రంతో దాదాపు సమానం, స్పీడోమీటరు తేడా లేదు. ఒక్కసారి కూడా వంగలేదు. హైవే మీదే తిరుగుతా, ఒప్పుకుంటా. కానీ పార్కింగులో వెనక్కి తిరిగి చూసుకునే ఆనందానికి లెక్కలుండవు.

కర్నూలు పాత పిచ్చోడు

నువ్వు 44వ నంబరు హైవే మీద పోతావు. వాడు నాపరాళ్ల లారీల వెనక పోతాడు.

కాగితాల మనిషి

ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చూపించి, ఏది మార్చినా నేరమే అని కొందరు భయపెడతారు. అది కంపెనీ ఇచ్చిన వివరాలతో పొంతన లేకుండా బండిని మార్చడం గురించి. అదే మోడల్లో పై వేరియంటుకు కంపెనీ ఇచ్చే సైజు వేసుకుంటే తలనొప్పి తక్కువ. ఏది వేసినా ఇన్సూరెన్స్ వాళ్లకు రాసిచ్చి పాలసీలో ఎక్కించు. లేకపోతే రేపు చక్రాలు ఎవడైనా విప్పుకుపోతే క్లెయిము దగ్గర నీళ్లు నమలాల్సి వస్తుంది.

అనంతపురం స్విఫ్ట్

అందరికీ థ్యాంక్స్. 17 ఆశ వదిలేశా. నా వీఎక్స్ఐ కన్నా పై వేరియంటు జెడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చిన 15 ఇంచుల అలాయ్స్ సెకండ్‌హ్యాండులో దొరికాయి, ఎవరో పెద్దవి వేసుకుని విప్పేసినవి. వాటికి 185/65 కొత్త టైర్లు. కర్నూలు అన్న వంగిన రిమ్ము కథ గుర్తొచ్చి, కొనేముందు నాలుగింటినీ బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించా. ఒకటి ఊగింది, దాన్ని మార్పించుకున్నా. కంపెనీవే కాబట్టి రింగుల గొడవ లేదు. స్టెప్నీ పాతదే.

నాయన చుట్టూ తిరిగి చూసి, "ఇవీ గుండ్రంగానే ఉన్నాయి" అన్నాడు. ఆ నల్లవాటి ఫొటో మాత్రం ఫోన్లోంచి ఇంకా తీసేయలేదు.