సెల్లార్‌లో సొంత బండి రిపేరు చేసుకుంటే పక్కవాళ్లకి అభ్యంతరం చెప్పే హక్కుందా?

ఓమ్ని ఓనర్

మాది కూకట్‌పల్లి వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు. నాన్నగారు వాడిన 2008 మారుతీ ఓమ్ని ఇప్పుడు నా దగ్గరుంది. సినిమాల్లో కిడ్నాపులకి వాడే వ్యాన్, అదే. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ ఐదేళ్లు పొడిగించుకున్నాను. దాని చిల్లర పనులన్నీ నేనే చేసుకుంటాను. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు, డ్రైవర్ సీటు ఎత్తి ప్లగ్గులు మార్చడం, ఇంతే. ఇంజిన్ దించను, టింకరింగు, పెయింటింగు జోలికి పోను, బయటివాళ్ల బండి ముట్టుకోను.

మొన్న ఆదివారం పదకొండు గంటలకి వెనక ఎడమ చక్రం విప్పాను. హ్యాండ్‌బ్రేక్ వేస్తే వదలడం లేదు. చూస్తే చక్రం వెనకుండే బ్రేకు డ్రమ్ము తుప్పుపట్టి అతుక్కుపోయింది. సుత్తితో కొట్టాను. నా లెక్కన 20 నిమిషాలు. మొదటి అంతస్తు ఆంటీ లెక్కన పొద్దున్నుంచీ. ఆవిడ దిగొచ్చి "ఇదేమన్నా మెకానిక్ షెడ్డా బాబూ?" అన్నారు. సారీ చెప్పి ఆపేశాను, చక్రం ఎక్కించేశాను. అక్కడితో అయిపోయిందనుకున్నా. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో నా ఫోటో. టైరు పక్కన బాసింపట్టు వేసుకుని, చేతిలో సుత్తితో. కింద "సెల్లార్‌లో రిపేర్లు బ్యాన్ చేయాలి" అని మెసేజ్, దానికి తొమ్మిది బొటనవేళ్లు. అందులో ఒకటి మా ఎదురింటాయనది. పోయిన నెల ఆయన బండి స్టార్ట్ కాకపోతే నా జంపర్ వైరే ఇచ్చాను.

ఇదే సెల్లార్‌లో మే నెలలో మూడిళ్ల వాళ్లు ఆవకాయ ముక్కలు కొట్టించారు. టెంక తెగే చప్పుడు ఐదో అంతస్తుకి వినపడింది. చవితి మైకు సంగతి సరేసరి. వాటికి లేని అభ్యంతరం నా సుత్తికెందుకు? పార్కింగ్ నాది, బండి నాది, పట్టపగలు చేశాను. తప్పెక్కడుంది?

బండి పిచ్చోడు

తప్పేం లేదు బ్రదర్. శబ్దం గురించి 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. మీరు చేసింది పగలే. నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. గ్రూపు మ్యూట్ చేసి పని చూసుకోండి.

నైట్ షిఫ్ట్

నాకు ఆదివారం పదకొండే అర్ధరాత్రి. ఈ మాట ఏ నిబంధనలోనూ ఉండదు కాబట్టి ఇక్కడ చెబుతున్నా.

ఫైలు నంబరు

పైన 55 అన్నాయన ఆ అంకె చూసి సంబరపడుతున్నారు గానీ, ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా ఉంటుంది. నాలుగు వైపులా కాంక్రీటు ఉన్న సెల్లార్‌లో ఇనుము మీద సుత్తి ఎంతుంటుందో ఫోన్‌లో యాప్ పెట్టుకుని చూడండి. ఆ నిబంధన మీ పక్షాన లేదు.

"పార్కింగ్ నాది" అన్న మాట కూడా సగమే నిజం. 2010లో ముంబై కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు స్టిల్ట్ పార్కింగ్‌ని (స్తంభాల మీద లేపిన బిల్డింగ్ కింద ఉండేది) బిల్డర్ విడిగా అమ్ముకోలేడని, అది ఉమ్మడి స్థలమని చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పే. అయితే మనకున్న 1987 అపార్ట్‌మెంట్ చట్టం తీసినా, వేరే రాసుకుంటే తప్ప సెల్లార్, పార్కింగ్ ఉమ్మడి స్థలాల్లోకే వస్తాయి. మీకున్నది బండి పెట్టుకునే హక్కు. అక్కడ ఏ పనైనా చేసుకునే హక్కు అందులోంచి దానంతట అది పుట్టదు.

అలాగని ఆంటీగారు కేసు పెట్టి గెలుస్తారనీ కాదు. న్యూసెన్స్ తొలగించమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఆర్డరు ఇవ్వొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 133, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152. కానీ అది పబ్లిక్ న్యూసెన్స్‌కి. ఒక బ్రేకు డ్రమ్ము కోసం అంతదూరం ఎవరూ వెళ్లరు. స్టేషన్‌కి వెళితే "మీలో మీరు చూసుకోండి" అంటారు. కాబట్టి మీ గొడవ తేలాల్సింది మీ అసోసియేషన్ బైలాస్‌లో. ఫ్లాట్ కొన్నప్పుడు వాటి మీద సంతకం పెట్టి ఉంటారు, చదివి ఉండరు. నేనూ చదవలేదు, గొడవ వచ్చాకే చదివాను.

చిన్నోడి అమ్మ

అన్నయ్యా, ఆవకాయతో పోలిక కుదరదు. ముక్కలు కొట్టించే ఆవిడ ముందురోజే చెబుతుంది. ఏడాదికి ఒక పూట. మూడోనాడు కలిపాక గిన్నెలో పెట్టి పంపిస్తుంది. చవితి మైకుకి మేమందరం చందా ఇచ్చాం, తిట్టుకుంటూనే ఇచ్చాం. మీ డ్రమ్ముకి ఎవరు ఇచ్చారు?

నా భయం చప్పుడు కాదు. మాది మియాపూర్ వైపు. మా దగ్గరా ఒకాయన ఇలాగే "నా బండి, నేనే చేసుకుంటా" అంటూ మొదలుపెట్టారు. మంచాయన, రిటైర్ అయ్యారు, మాకూ సరదాగానే ఉండేది. మా సంపు మూత సరిగ్గా ఆయన పార్కింగ్ అంచున, నేలకి సమానంగా ఉంటుంది. ఒకరోజు పాత ఆయిల్ పట్టిన పళ్లెం ఆయన కాలికే తగిలి ఒలికింది. వెంటనే రంపం పొట్టు చల్లారు, గుడ్డతో తుడిచారు. పైకి నేల శుభ్రంగానే ఉంది.

మూత చుట్టూ వేలు పట్టేంత సందు ఉంటుంది కదా, దాన్ని ఎవరూ చూడలేదు. మూడోరోజు మావాడికి స్నానం చేయిద్దామని బకెట్ పట్టాను. ట్యూబ్‌లైట్ కింద నీళ్ల మీద నెమలి పింఛం రంగులు తేలుతున్నాయి. మొదట షాంపూ అనుకున్నా. చెయ్యి పెడితే మోచేతి దాకా జిడ్డు చార పడింది. వాడికప్పుడు ఎనిమిది నెలలు. అంతకుముందు రెండు రోజులు వాడికి ఏ నీళ్లు పోశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సంపు మొత్తం తోడించి, సర్ఫ్‌తో రెండుసార్లు కడిగించి, పైన ట్యాంకులు, పైపులు కూడా కడిగించాం. ఏప్రిల్ నెల. ట్యాంకర్ కోసం రెండు రోజులు ఆగాం. ఖర్చంతా ఆయనే పెట్టుకున్నారు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ తర్వాత లిఫ్ట్‌లో ఎదురుపడితే ఆయనే తల దించుకునేవారు. మాకూ బాధగానే ఉండేది.

ఓమ్ని ఓనర్

అమ్మా, మీరు చెప్పింది చదివి కిందికి వెళ్లి మా సంపు మూత చూసొచ్చాను. నా బండికి రెండు కార్ల అవతల ఉంది, కానీ నేల వాలు అటువైపే. ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. నేను పళ్లెం కింద పాత ఫ్లెక్సీ పరుస్తాను. దాని మీద ఏ నాయకుడి ఫోటో ఉందో అడక్కండి. ఇప్పటిదాకా చుక్క ఒలకలేదు. అయినా తీసేది మూడు లీటర్లకి అటూ ఇటూ.

ఫైలు నంబరు

ఒక లీటరు పాత ఆయిల్ పది లక్షల లీటర్ల మంచినీళ్లని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. 20 ఫ్లాట్ల సంపులో ఎన్ని నీళ్లుంటాయో మీరే చూసుకోండి. వాడిన ఆయిల్ మన 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి కూడా వస్తుంది. మోరీలో పోయడానికి లేదు.

సెక్రటరీ కష్టాలు

ఐదేళ్లుగా మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీని. జీతం లేదు, తిట్లున్నాయి. అటువైపు కూర్చున్నవాడి మాట కూడా వినండి.

ఓమ్నిగారూ, మీరు పద్ధతైనవారేనని మీ రాతలోనే తెలుస్తోంది. నా బాధ మీతో కాదు, మీ తర్వాత వచ్చేవాడితో. మీకు సరే అంటే, ట్రావెల్స్ నడిపే ఫ్లాటాయన తన రెండు బండ్లూ తెచ్చి మెకానిక్‌ని పిలిపిస్తాడు. "ఆయనకో రూలు, నాకో రూలా?" అంటాడు. మా దగ్గర అచ్చంగా ఇదే జరిగింది. ఆర్నెల్లలో సెల్లార్‌లో వెల్డింగ్ దాకా వచ్చింది. ఒకతను కూల్‌డ్రింక్ సీసాలో పెట్రోలు పోసుకుని కార్బ్యురేటర్ కడుగుతుంటే, పక్కన వాచ్‌మన్ బీడీ కాలుస్తున్నాడు. ఆ రోజు దేవుడు మా వైపున్నాడు.

ఇంకో సంగతి. సాయంత్రం పిల్లలు ఆడుకునేది ఎక్కడ? మాకు పార్కు లేదు, సెల్లారే. జాకీ మీద లేపిన బండి కిందికి బంతి దొర్లితే దాని వెనకే పిల్లాడు దూరతాడు. మీరు పానా కోసం పైకి వెళ్లిన ఐదు నిమిషాలు చాలు. అందుకే మేం గాలి కొట్టుకోవడం, స్టెప్నీ మార్చుకోవడం, బ్యాటరీ తప్ప అన్నీ ఆపించాం. ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు. పర్లేదు.

బండి పిచ్చోడు

ఇలాగైతే కార్లు కడగడం కూడా ఆపించండి సార్. రోజుకి పది బకెట్లు. రాత్రంతా వైరు వేలాడదీసి ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ పెట్టేవాళ్లనీ ఆపించండి. చేతికి నల్లరంగు అంటుకున్నవాడే కళ్లకి కనిపిస్తాడు. షెడ్డుకి వెళ్లే మనిషి డబ్బున్న మనిషి, సెల్లార్‌లో చేసుకునేవాడు స్థాయి తగ్గించే మనిషి. గొడవంతా అదే, చప్పుడు వంక.

చిన్నోడి అమ్మ

నా బకెట్‌లో తేలింది స్థాయి కాదండీ, ఆయిల్.

శాక్రమెంటో తెలుగు

అమెరికాలో ఎవరి ఇష్టం వాళ్లది అనుకుంటారు. మా కౌంటీలో (మన జిల్లా లాంటిది), ఎక్కడ ఏ పని చేయొచ్చో చెప్పే జోనింగ్ నిబంధన ప్రకారం ఇళ్ల మధ్య బండి పని చేస్తే, ఇంట్లో మామూలుగా ఉండని పనిముట్లు వాడకూడదు, ఆ ఇంట్లో ఉండేవాళ్ల పేరున లేని బండి ముట్టకూడదు, మూసి ఉన్న గ్యారేజ్ బయట చేస్తే బండిని 24 గంటలకి మించి కదలని స్థితిలో ఉంచకూడదు. "మామూలుగా ఉండని పనిముట్లు" అంటే ఏంటో మాత్రం ఎవరికి వాళ్లే అనుకోవాలి. నా టార్క్ రెంచ్ చూసి పక్కాయన కన్నెగరేశాడు. మా ఇంట్లో అది పప్పు గరిటె అంత మామూలు.

నైట్ షిఫ్ట్

అన్నా, మీకు గ్యారేజ్ ఉంది. మాకు సంపు ఉంది.

బెజవాడ ఆటోనగర్

షెడ్డు పెట్టి 22 ఏళ్లయింది. ఇంతమంది ఇన్ని మాట్లాడారు గానీ అసలు ఆ డ్రమ్ముని కొట్టాలా వద్దా అని ఒక్కరూ అడగలేదేంటండీ.

సుత్తి అక్కర్లేదు బాబూ. ఓమ్ని వెనక డ్రమ్ము ముఖం మీద, వీల్ స్టడ్డుల మధ్యన రెండు చిన్న బెజ్జాలుంటాయి, లోపల మర ఉంటుంది. మీ బండికి తుప్పూ మట్టీ పట్టి పూడిపోయి ఉంటాయి. వైరు బ్రష్‌తో గీకితే కనపడతాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ వదులు చేసుకోండి, లేకపోతే లోపల బ్రేకు షూలు (డ్రమ్ముని ఒరుసుకుని ఆపే పట్టీలు) దాన్ని పట్టుకునే ఉంటాయి. బెజ్జాల్లో నాలుగు చుక్కలు తుప్పు వదిలించే నూనె వేసి ఒక టీ తాగి రండి. తర్వాత రెండు 8 ఎంఎం బోల్టులు అందులో బిగించండి. ఇటు అరచుట్టు, అటు అరచుట్టు, సమానంగా. ఒకవైపే తిప్పితే డ్రమ్ము అడ్డంపడుతుంది. కాసేపటికి టక్‌మంటుంది, అంతే, చేతికొచ్చేస్తుంది. ఆ టక్ మీ ఆంటీగారికి వినపడదు. లోపలి దుమ్ము నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. వానాకాలం బండి వారాల తరబడి ఆపితే హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా గేర్‌లో పెట్టి టైరుకి రాయి అడ్డం పెట్టండి, షూలు పట్టెయ్యవు.

రిపేరు ఇంట్లో చేసుకోవడం గురించి నన్నడిగితే, మా గిరాకీ పోతుందని నేను వద్దనను. ప్లగ్గులు, బ్రేకులు చేసుకోండి. ఇంజిన్ ఆన్ చేసి సెల్లార్‌లో ట్యూనింగ్ చూడటం మాత్రం వద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే. దాన్ని నమ్మి కింద పడుకున్నవాళ్లని నేను చూశాను, ఆ కథ ఇక్కడొద్దు. ఆయిల్ పనికి షెడ్డుకి రండి. ఊళ్లో షెడ్లన్నీ తీసుకెళ్లి ఆటోనగర్‌లో పెట్టింది ఇలాంటి గొడవలు లేకుండా ఉండటానికే కదా.

ఓమ్ని ఓనర్

రెండు వారాల తర్వాత రాస్తున్నా. ఆటోనగర్ గారూ, బెజ్జాలు కనపడ్డాయి. ఒకటి పూర్తిగా మూసుకుపోయి, సూదితో తవ్వాల్సి వచ్చింది. ఆరుసార్లు అటూ ఇటూ తిప్పేసరికి వచ్చేసింది. ఎనిమిదేళ్లుగా ఈ బండి పని చేస్తూ ఆ బెజ్జాల మీదే సుత్తి దెబ్బలు వేస్తున్నానని తెలిసి సిగ్గేసింది. షూలు అరిగాయి, కొత్తవి దొరికాక మళ్లీ విప్పాలి. ప్రస్తుతానికి చక్రం ఎక్కించి దించేశాను.

మొదలుపెట్టే ముందు మొదటి అంతస్తుకి వెళ్లి, ఈసారి సుత్తి లేదు, గంటలో అయిపోతుంది అని చెప్పాను. ఆంటీ తలుపు సగమే తీసి "సరే చూద్దాం" అన్నారు. అంకుల్‌కి రెండు నెలల క్రితం స్టెంట్ వేశారట. అది గ్రూపులో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

మీటింగ్‌లో చర్చకి పెట్టారు. ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా, సొంత బండికి మాత్రమే, ముందురోజు గ్రూపులో చెప్పి చేసుకోవచ్చు. ఆయిల్ పని సెల్లార్‌లో పూర్తిగా బంద్. చివరిది నేను ఒప్పుకోలేదు. సంపు మూతకి రబ్బరు బిగిస్తే, చుట్టూ రెండంగుళాల గట్టు కడితే చాలు కదా, ఆ డబ్బు నేనే ఇస్తానన్నాను. ఓటు పెడితే 14 మంది వద్దన్నారు, ముగ్గురు సరే అన్నారు. ఎదురింటాయన ఈసారీ అటే. గట్టు మాత్రం కడతారట, మెయింటెనెన్స్ డబ్బుతోనే.

ఒక సందేహం. పోయినసారి తీసిన పాత ఆయిల్ క్యాన్‌లో బాల్కనీలో ఉంది. దాని పక్కనే తులసి కోట ఉందని మా ఆవిడ రోజూ గుర్తుచేస్తోంది. స్పేర్ పార్ట్స్ షాపతను తీసుకోనన్నాడు. ఏం చేయాలి?

బెజవాడ ఆటోనగర్

మూత గట్టిగా బిగించి దగ్గర్లో ఆయిల్ మార్చే షెడ్డుకి పట్టుకెళ్లండి. వాళ్ల దగ్గర పాత ఆయిల్ పోసే పెద్ద పీపా ఉంటుంది, నిండాక కొనుక్కెళ్లేవాళ్లు వస్తారు. నీళ్లు కలవకుండా ఉంటే కాదనరు. కొత్త షూలు వేశాక డ్రమ్ము ఎక్కించే ముందు, అది యాక్సిల్‌ మీద కూర్చునే అంచుకి గ్రీజు రాయండి. వేలంత కాదు, గోరంత. షూకి తగలనివ్వకండి.