క్యాజువాల్టీలో ఎవరిని ముందు చూడాలో నర్సు తేల్చవచ్చా?

వంశధార_గుణుపురం:
ఒడిశాలో మా ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రి బాగోగులు చూసే రోగి కల్యాణ సమితిలో సభ్యుడిని. క్యాజువాల్టీ గుమ్మం దగ్గర ఒక నర్సును కూర్చోబెట్టి, రోగి రాగానే చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీల్లో ఒకటి కట్టించాలని ప్రతిపాదన వచ్చింది. ఎరుపు కట్టినవారిని డాక్టరు తక్షణం చూస్తారు, మిగతావారు ఆగాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ మూడు రంగుల పద్ధతే నడుస్తోంది. మన దగ్గర ఇప్పటికీ చీటీ రాయించుకున్న వరసే. సమితికి ఉత్తరం రాయాలి. మీ అభిప్రాయం చెప్పండి.

మాస్టారు_పర్లాకిమిడి:
నేను ఒప్పుకోను. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో తేల్చడం డాక్టరు పని. ఎంబీబీఎస్ చదివినవారే ఒక్కోసారి తడబడతారు. అనుభవంతో చెబుతున్నాను. గుండెల్లో నొప్పి అంటే మా నాన్నగారిని రాత్రి పూట ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. పేరు అనవసరం. మా తర్వాత పాము కరిచిందంటూ ఒక కుర్రవాడు వచ్చాడు. తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ వచ్చాడు. సిస్టర్ అతన్నే డాక్టరు దగ్గరికి పంపింది. చెమటతో చొక్కా తడిసిపోయిన పెద్దమనిషి బయట, నడిచి వచ్చినవాడు లోపల! ఇలాంటి నిర్ణయాలకు ఇప్పుడు రంగు పట్టీలు కూడానా?

రాత్రిడ్యూటీ:
మాస్టారూ, నమస్కారం. బరంపురం వైపు ఒక ఎమర్జెన్సీలో నర్సింగ్ ఆఫీసర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ నాన్నగారి సంగతి విని బాధ కలిగింది. కానీ ఆ కుర్రవాడి విషయంలో ఆ సిస్టర్ చేసింది సరైన పనే.

కట్లపాము కాటుకు వాపు ఉండదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. చాలామంది కడుపునొప్పి అంటూ నడుచుకుంటూనే వస్తారు. మేము ముందు చూసేది కళ్లను. పైకి చూస్తూ ఉండమంటాం. కాసేపటికి రెప్పలు వాలిపోతుంటే విషం నరాలకు ఎక్కుతోందని అర్థం. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటాం. మొదటిసారి ముప్పై వరకు వెళ్లినవాడు తర్వాత పదిహేను దగ్గరే ఆగితే ఊపిరి కండరాలు పడిపోతున్నట్టు. ఆ తర్వాత మాట ముద్దగా వస్తుంది, మింగలేడు, ఊపిరి ఆగుతుంది. విషానికి విరుగుడైన యాంటీవెనమ్ ఎక్కించేటప్పుడు ఒంటికి పడకపోతే రక్తపోటు పడిపోవచ్చు, దాన్ని నిలిపే అడ్రినలిన్ మందు పక్కనే ఉండాలి. అందుకే డాక్టరు అక్కడే నిలబడాలి. నడిచి వచ్చాడు కాబట్టి బాగున్నాడు అనుకుంటే తెల్లారేసరికి శవం మిగులుతుంది.

మీ నాన్నగారి విషయంలో ఒకటి అడుగుతాను. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. తీశారా?

రాయగడ_గృహిణి:
ఏ రంగు కట్టినా నాయకుడి బంధువు వస్తే అతనికే ముందు. మా కళ్లారా చూశాం.

మాస్టారు_పర్లాకిమిడి:
పాము పాఠం బాగుంది. కానీ నేను అడిగినదానికి జవాబు రాలేదు. ఆ కుర్రవాడు నడిచి వచ్చాడు. మంచినీళ్లు కావాలని తానే అడిగాడు. అడగగలిగిన మనిషి మింగగలడు కదా? అప్పటికి అతని ఊపిరి బాగానే ఉంది కదా? మా నాన్నగారిది ఆ క్షణంలో ఉన్న ప్రమాదం. ఉన్న ప్రమాదాన్ని వదిలి రాబోయే ప్రమాదాన్ని చూడటం ఏ శాస్త్రం? పైగా మా నాన్నగారికి తెలుగు తప్ప మరొకటి రాదు. అక్కడ అడిగేదంతా ఒడియాలో. నేను పక్కన లేకపోతే ఆ మాత్రం కూడా చెప్పుకునే దిక్కు లేదు.

108_టెక్నీషియన్:
ఇద్దరూ పాము, గుండె దగ్గరే ఆగిపోయారు. మేము రోగిని దించాక ఎవరికి అప్పగించాలో తెలియక నిలబడే సమయం గురించి ఎవరూ మాట్లాడరు. దారిలో బీపీ ఎంత, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చాం, అన్నీ కాగితం మీద రాసి తెస్తాం. తీసుకునే చెయ్యి ఉండదు. స్ట్రెచర్ ఖాళీ అయ్యేవరకు బండి కదలదు, ఈలోగా మరో ఊరి నుంచి కాల్ వస్తుంది. గుమ్మం దగ్గర నర్సు ఉంటే మా సగం కష్టం తీరుతుంది.

బరంపురం_బాబాయి:
రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన వ్యవసాయ కూలీని కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆస్పత్రులు మంచం లేదని తిప్పి పంపితే, 1996లో సుప్రీంకోర్టు అది జీవించే హక్కును కాలరాయడమేనని తీర్పు చెప్పింది. ముందు అది అమలు చేయమనండి.

రాత్రిడ్యూటీ:
ఒడియా విషయంలో మాస్టారు చెప్పింది నిజం. సరిహద్దు ఆస్పత్రుల్లో తెలుగు వచ్చిన మనిషి ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. సవర, కుయి లాంటి గిరిజన భాషలు మాట్లాడేవారి పరిస్థితి ఇంకా ఘోరం, వారి తరఫున ఇక్కడ రాసేవారు కూడా లేరు.

కానీ ఒక రాత్రి మా పని ఎలా సాగుతుందో కూడా చదవండి. మనిషికి సెలైన్ పెట్టాలి, క్యాన్యులా వేయాలి. ప్రమాదం కేసు వస్తే పోలీసు రిజిస్టరు రాయాలి. మందుల ఇండెంటు పెట్టాలి. పైకి పంపాల్సిన రోగికి రిఫర్ కాగితం సిద్ధం చేయాలి. ఇవన్నీ చేస్తున్న నర్సునే ‘గుమ్మం కూడా చూసుకో’ అంటే అది ఉత్తుత్తి పద్ధతే అవుతుంది. గుమ్మం దగ్గర నర్సుకు ఆ ఒక్క పనే ఉండాలి. నాడి, బీపీ, ఊపిరి వేగం, ఆక్సిజన్, షుగర్ చూసి రంగు కట్టాలి. పసుపు కట్టించుకుని కూర్చున్నవారిని మళ్లీ మళ్లీ చూడాలి, ఎందుకంటే పసుపు ఎరుపుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ఈ రెండోసారి చూడటం గురించి ప్రతిపాదనలో ఒక్క ముక్క లేకపోతే నేనే వద్దంటాను.

సిరోంచవాసి:
మేము మహారాష్ట్రలో ఉన్నా తెలుగువాళ్లమే. మాకు జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. అందుకే గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా తెలంగాణ వైపే పరుగెత్తుతాం. బయలుదేరేముందు రోగి ప్రాణం నిలబెట్టేది ఇక్కడి సిస్టరే. డాక్టరా నర్సా అని వాదించుకునేంత మంది డాక్టర్లు మీ దగ్గర ఉన్నందుకు సంతోషం.

మాస్టారు_పర్లాకిమిడి:
అందరూ నర్సుల పక్షమే! నా తండ్రిని పోగొట్టుకున్నవాడిని నేను. రిజిస్టర్లు, ఇండెంట్లు నాకెందుకు చెబుతున్నారు? పనెక్కువ అయితే ప్రభుత్వాన్ని అడగండి, రోగి మీద ప్రయోగాలు చేయకండి. నడిచి వచ్చినవాడిని...

రాత్రిడ్యూటీ:
మళ్లీ నడిచి వచ్చినవాడేనా? ఆ పిల్లవాడు బతికాడా లేదా అని ఒక్కసారైనా అడిగారా మాస్టారూ? మేము రంగు తప్పు కట్టామని ఒకరు, ఆలస్యమైందని ఒకరు, మా మీదికి చెయ్యి ఎత్తినవారు ఎందరో. డాక్టరు గదికి తలుపు ఉంటుంది. మాకు ఉండదు. మీ కోపం అసలు ఎవరి మీద? ఈసీజీ తీశారా అని అడిగాను. ఇంతవరకు జవాబు లేదు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాను.

మాస్టారు_పర్లాకిమిడి:
తీశారు.

వచ్చిన కాసేపటికే తీసింది ఆ సిస్టర్. కాగితం చేతిలోకి తీసుకుని చూసింది, ఆమె ముఖం మారిపోయింది. ఆమెకు తెలిసిపోయింది. లోపలికి పరుగెత్తింది. డాక్టరు ఆ కుర్రవాడికి ఊపిరి గొట్టం వేస్తున్నారట, ఒక్క నిమిషం అన్నారట. వచ్చి మా పక్కన నిలబడింది. ట్రాలీలో మాత్ర ఉంది. నేనే చూపించాను, అది ఇవ్వమ్మా అన్నాను. సార్ రాయకుండా ఇవ్వలేనండీ అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ లోపలికి వెళ్లింది, మళ్లీ వచ్చింది. డాక్టరు వచ్చేసరికి చాలాసేపు అయింది. తర్వాత ఆంధ్రా వైపు పెద్దాసుపత్రికి రాశారు. దారిలోనే అయిపోయింది.

ఇప్పుడు చెప్పండి. తెలిసి కూడా మాత్ర ఇవ్వలేని మనిషి చేత పట్టీ కట్టిస్తే ఏం ఒరుగుతుంది? ఎర్ర పట్టీ కట్టుకుని చనిపోవడం తప్ప?

108_టెక్నీషియన్:
మాస్టారూ, మా బండిలో మేము కాల్ సెంటర్‌లో ఉండే డాక్టరుకు ఫోన్ చేసి, లక్షణాలు చెప్పి, ఆయన చెప్పిన మందు ఇస్తాం. ఆ మాటలు రికార్డు అవుతాయి. బండిలో ఉన్న వెసులుబాటు ఆస్పత్రిలో లేకపోవడం అన్యాయం.

రాత్రిడ్యూటీ:
మాస్టారూ, మీరు చెప్పిన ఆ సిస్టర్ బాధ నాకు తెలుసు. ఆమె స్థానంలో నేను నిలబడ్డాను. మేము ఏళ్లుగా అడుగుతున్నది ఇదే. ముందే రాసి, సూపరింటెండెంట్ సంతకం చేసిన ఆదేశాలు గోడ మీద ఉండాలి. ఛాతీనొప్పి, ఈసీజీలో ఫలానా మార్పు, ఆస్పిరిన్ పడని మనిషి కాదు, రక్తస్రావం లేదు అని తేలితే నర్సు ఆస్పిరిన్ నమిలించవచ్చు అని రాయండి. షుగర్ పడిపోతే గ్లూకోజ్ ఎక్కించవచ్చు అని రాయండి. ఫోన్లో చెప్పించుకుని ఇద్దామంటే, తర్వాత సంతకం పెట్టమంటే ‘నేను అనలేదు’ అన్న డాక్టర్లను చూశాను.

మాస్టారు_పర్లాకిమిడి:
రాయండి. నాకు అభ్యంతరం లేదు. కానీ ఇచ్చాక రోగికి ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు? నిర్ణయం తీసుకున్న నర్సు పేరు ఆ పట్టీ మీదే ఉండాలి. మా నాన్నగారి విషయంలో అడగడానికి వెళితే ఒకరు ఇంకొకరిని చూపించారు, ఆ ఇంకొకరు బదిలీ అయిపోయారు. అధికారం కావాలంటే పేరు కూడా ఇవ్వాలి.

రాత్రిడ్యూటీ:
ఇక్కడే మీకూ నాకూ కుదరదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం చీలినా ఇలాంటి నొప్పే వస్తుంది. అప్పుడు ఆస్పిరిన్ హాని చేస్తుంది. ఎంత జాగ్రత్తగా చూసినా ఎప్పుడో ఒకసారి అది జరుగుతుంది. ఆ రోజు రాసిన ఆదేశం ప్రకారం నడుచుకున్న నర్సు కాదు, ఆదేశం మీద సంతకం చేసిన ఆస్పత్రి జవాబు చెప్పాలి. నర్సు పేరు రిజిస్టరులో ఉంటుంది, విచారణకు వస్తుంది, దాచమనడం లేదు. కానీ పట్టీ మీద పేరు రాసి బంధువుల చేతికిస్తే ఏ సిస్టరూ ట్రాలీ తెరవదు. మీ నాన్నగారి రాత్రే మళ్లీ మళ్లీ వస్తుంది.

మాస్టారు_పర్లాకిమిడి:
ఆస్పత్రి అంటే ఎవరు? గోడలా? నాకు మనిషి కావాలి. ఎదురుగా నిలబడి ‘ఇందుకే ఇలా చేశాను’ అని చెప్పే మనిషి.

రాయగడ_గృహిణి:
ఆ మాట మాత్రం నిజం. మాకు ఎవరూ ఏమీ చెప్పరు. ఎందుకు ఆగమంటున్నారో చెబితే సగం గొడవ ఉండదు.

వంశధార_గుణుపురం:
సమితికి రాయబోయేది ఇది. గుమ్మం దగ్గర వేరే నర్సు, ఆమెకు మరో పని అప్పగించకూడదు. వేచి ఉన్నవారిని మళ్లీ పరీక్షించాలి. ప్రతి షిఫ్టులో తెలుగు వచ్చిన ఒకరు, సవర వచ్చిన ఒకరు ఉండాలి. ఈసీజీ, ఆస్పిరిన్, గ్లూకోజ్ మీద సంతకంతో కూడిన ఆదేశాలు కావాలి. ఎందుకు ఆగాలో బంధువులకు చెప్పే బాధ్యత ఒకరి మీద పెట్టాలి. పట్టీ మీద పేరు గురించి ఏం రాయమంటారు?

మాస్టారు_పర్లాకిమిడి:
పేరు ఉండాలని రాయండి. అది లేకపోతే నా సంతకం పెట్టను.

రాత్రిడ్యూటీ:
అది ఉంటే నా సంతకం ఉండదు. మిగతా అన్నింటికీ నేను సరే.