షుగరు జబ్బున్న పిల్లికి గ్లార్జిన్ ఇన్సులిన్ 1 యూనిట్ నుంచి 3కి పెంచొచ్చా? (పర్లాకిమిడి)

ప్రశ్న: మా పిల్లికి తొమ్మిదేళ్లు, బరువు 4.5 కిలోలు. డాక్టరు గారు గ్లార్జిన్ రోజుకు రెండు పూటలా 1 యూనిట్ చొప్పున రాశారు. ఆరు రోజులైంది. మనుషుల గ్లూకోమీటరుతో చూస్తే తిండికి ముందు ఉదయం 370, రాత్రి 340. తిండి పాలన్నం, చేప ముక్కలు. మందుల షాపులో ఎర్ర టోపీ సిరంజి ఇచ్చారు. 3 యూనిట్లకు పెంచితే తగ్గుతుందా?

జవాబు (రాయగడ): పెంచకండి. ముందు ఆ సిరంజి పక్కన పెట్టండి. ఎర్ర టోపీది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఎర్ర సిరంజిలో 1 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 2.5 యూనిట్లు. అంటే పిల్లికి ఇప్పటికే రెండున్నర రెట్లు వెళ్తోంది, 3 గీతలు లాగితే ఏడున్నర అవుతుంది! నారింజ టోపీది, 100 యూనిట్ల ఇన్సులిన్‌కి వాడే సిరంజి, 0.3 మి.లీ.ది, అర యూనిట్ గీతలున్నది అడగండి. ఈ సంగతి ఈరోజే డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పి, సరైన సిరంజితో 1 యూనిట్‌కి రావడం గురించి అడగండి. గ్లార్జిన్‌లో నీళ్లు, సెలైన్ కలిపి పల్చన చేయకూడదు.

ఇక 370 అన్న అంకె ఒక్కటీ చూసి డోసు తేల్చలేం. కావాల్సింది రెండు సూదుల మధ్య షుగరు ఎంత దాకా దిగిందన్నది. ఉదయం 7కి తిండికి ముందు, ఆపైన ప్రతి రెండు గంటలకీ సాయంత్రం 7 దాకా చూసి రాయండి. వేడినీళ్లలో తడిపి పిండిన గుడ్డను చెవికి కాసేపు అద్ది, వెనక పత్తి పెట్టి, చెవి అంచున గుచ్చితే చుక్క వస్తుంది. మనుషుల మీటరు పిల్లి రక్తంలో షుగరును సాధారణంగా అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. అయినా తక్కువ అంకె వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. అన్నిటికన్నా తక్కువ అంకె 80-150 మధ్య ఉంటే డోసు అలాగే ఉంచుతారు. 150 దాటే ఉంటే అర యూనిట్ పెంచి, మళ్లీ 5-7 రోజులు ఆగుతారు. 80 లోపు వస్తే అర నుంచి 1 యూనిట్ తగ్గిస్తారు. మీరు రాసిన అంకెలు డాక్టరుకి చూపించాకే మార్చండి.

జవాబు (గుణుపూర్): పాలన్నం కూడా మాన్పించాలి, కానీ డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా వద్దు. అన్నం తీసేసి మాంసం, చేప పెడితే షుగరు దానంతటదే దిగుతుంది. పాత డోసు అలాగే వేస్తే ప్రాణం మీదకొస్తుంది. మార్చే వారం రోజూ షుగరు చూడండి.

తూలడం, వణుకు, అదే పనిగా తిండికి అరవడం, మగతగా పడుండటం కనిపిస్తే, లేదా మీటరు 60 లోపు చూపిస్తే, మింగగలిగితే వెంటనే తిండి పెట్టండి. మింగలేకపోతే తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ వేలితో చిగుళ్లకి రాయండి, గొంతులో పోయకండి. ఫిట్స్ వస్తే పళ్ల మధ్య వేలు పెట్టకుండా చెంప లోపలి వైపు రాసి ఆసుపత్రికి పరుగెత్తండి. తర్వాతి ఇన్సులిన్ డాక్టరు చెప్పేవరకూ ఆపండి.

ప్రశ్న అడిగినవారు: సిరంజి మార్చానండీ, డాక్టరు గారు 1 యూనిట్‌తోనే మళ్లీ మొదలుపెట్టమన్నారు. సూది వేశాక వాంతి చేసుకుంటే మళ్లీ వేయాలా? సూది మందు బయటికి కారిపోయినట్టుంటే?

జవాబు (రాయగడ): రెండింటికీ మళ్లీ వేయొద్దు. ఎంత లోపలికి పోయిందో తెలియనప్పుడు రెండో డోసు ప్రమాదం, ఒక్క పూట షుగరు ఎక్కువుండటం కాదు. వాంతి అయితే రెండేసి గంటలకు షుగరు చూస్తూ ఉండండి. రెండు పూటలు తినకపోతే గరివిడి పశువైద్య కళాశాలకైనా తీసుకెళ్లండి.