చెవుల తుప్పు వదిలింది గానీ పాట వినిపించలేదు

ప్రశ్న:
గత నెల ఒక పెద్ద ఇండోర్ స్టేడియంలో జరిగిన రాక్ కచేరీకి వెళ్లాను. ఏళ్ల తరబడి విని కంఠతా వచ్చిన పాటలే పాడినా, పల్లవి వచ్చేదాకా అది ఏ పాటో పోల్చుకోలేకపోయాను. బేస్ గిటారూ డ్రమ్సూ కలిసి ఒకటే హోరుగా గుండెలకు తగిలాయి తప్ప గాయకుడి మాట ఒక్క ముక్క తెలియలేదు. నేను పైవరుసలో ఒక చివరన కూర్చున్నాను. కింద, సౌండ్ ఇంజనీరు శబ్దాలను కలిపి సరిచేసే మిక్సింగ్ డెస్క్ దగ్గర నిలబడిన మిత్రుడేమో అంత చక్కని సౌండ్ ఎన్నడూ వినలేదంటున్నాడు. లోపం హాలుదా, సౌండ్ ఇంజనీరుదా, లేక రాక్ కచేరీలో స్పష్టత ఆశించిన నాదా?

మొదటి సమాధానం:
మీది మాత్రం కాదు. కొంతకాలం సౌండ్ పని చేసినవాడిగా చెబుతున్నాను. అటువంటి హాళ్లను ఆటల కోసం కడతారు. చుట్టూ కాంక్రీటు, పైన రేకుల కప్పు. తారస్థాయి శబ్దాలను జనం ఒంటి మీది బట్టలు, కుర్చీల మెత్తలు చాలావరకు పీల్చుకుంటాయి గానీ 125 హెర్ట్జ్, అంతకు దిగువన ఉండే మంద్ర శబ్దాలు వాటికి లొంగవు. అందువల్ల ఒక దరువు మోత చల్లారకముందే తర్వాతి దరువు దాని మీద వచ్చి పడుతుంది, ఆ మోతలో గాయకుడి అచ్చులు ఎలాగో తేలినా హల్లులు మునిగిపోతాయి, హల్లులు పోయిన పాటలో మాట మిగలదు. వాల్యూమ్ పెంచితే మోత కూడా అంతే పెరుగుతుంది. పైగా ఇంజనీరు వినేది డెస్క్ దగ్గరి శబ్దాన్నే కనుక అక్కడ బాగుండటంలో వింత లేదు. 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన, నిలువుగా వేలాడదీసే లైన్ అరే స్పీకర్లు దూరపు వరుసలకు మేలు చేశాయి గానీ, వాటి పరిధి దాటిన పక్క సీట్లకు నేటికీ గోడల మోతే ఎక్కువగా దక్కుతుంది.

రెండవ సమాధానం:
ఇది పాత జబ్బే. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో దాదాపు 55 వేల మంది ముందు బీటిల్స్ పాడినప్పుడు, కేకల మధ్య వాళ్ల పాట వాళ్లకే వినిపించలేదు. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం దీనికి విరుగుడుగా, సుమారు 600 స్పీకర్లతో, 75 టన్నుల బరువుతో ఒక గోడనే తమ వెనక నిలబెట్టింది. ఒక్కో వాయిద్యానికి విడి స్పీకర్లు ఉండటం వల్ల అవి ఒకదానిలో ఒకటి కలిసి బురద కాలేదు. గాయకుడి ముందు రెండు మైకులను వ్యతిరేక ఫేజ్‌లో, అంటే ఒకదానిలో పడిన శబ్దాన్ని రెండోదానిలో పడినది కొట్టేసేలా అమర్చి, ఒకదానిలోనే పాడించారు; రెండింటిలోనూ సమానంగా పడే స్పీకర్ల శబ్దం రద్దయి గొంతు మిగిలేది. అంత బరువును ఊరూరా మోయలేక అదే ఏడాది అక్టోబరుతో దానికి స్వస్తి చెప్పారు.

మూడవ సమాధానం:
స్పష్టతే కావాలంటే ఇంట్లో ఆల్బమ్ వినవచ్చు కదా! ఛాతీకి తగిలే బేస్ కోసమే నేను వెళతాను. అయితే చెవి అలసిపోతే ఆ సుఖమూ ఉండదని ఒప్పుకుంటాను. మామూలు ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పైస్థాయిని ఎక్కువగా కోసేస్తాయి కాబట్టి, అన్ని స్థాయిలనూ దాదాపు సమంగా తగ్గించే సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు కొనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చేసారి వెళ్లబోయేది ఆరుబయట జరిగే కచేరీకి. గోడలే లేవు కనుక ఎక్కడ నిలబడినా ఒకటేనా?

మొదటి సమాధానమిచ్చినవారు:
కాదు. శబ్దం 100 మీటర్లు రావడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. అందుకే మైదానం మధ్యలో పెట్టే స్పీకర్ల స్తంభాలకు శబ్దాన్ని ఆ మేరకు ఆలస్యంగా పంపుతారు. ఆ లెక్క కాస్త తప్పినా స్తంభానికి పక్కగా ఉన్నవారికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. గాలి వీస్తే తారస్థాయి అటూ ఇటూ ఊగుతుంది కూడా. వేదికకు ఎదురుగా, డెస్క్‌కు కొంచెం ముందు చోటు చూసుకోండి.