మేనకోడలి పెళ్లి దగ్గర పడింది, 2021 నాటి టీకా గొడవ మా ఇంట్లో ఇంకా తెగలేదు

ధర్మాబాద్ గుమాస్తా:

అందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. రైల్లో బాసర దాటగానే వచ్చేది మా ఊరే. ఇక్కడి మిర్చి బజారులో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. చదువుకున్నది మరాఠీ బడిలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. రాతలో తప్పులుంటే మన్నించండి.

వచ్చే మాఘంలో మా అక్క కూతురి పెళ్లి. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సింది పెద్ద మేనమామ, అంటే మా అన్నయ్య. కానీ మా బావ నన్ను పిలిచి, "బుట్ట నువ్వే ఎత్తు. మీ అన్న నా గడప తొక్కితే పెళ్లి ఆగిపోయినా సరే" అన్నాడు. ఆస్తి తగాదా అనుకునేరు. కాదు. కరోనా టీకా గురించి.

బావది టెంట్ హౌస్. షామియానాలు, ఆరు వందల కుర్చీలు, వంట పాత్రలు. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం పెళ్లికి పాతిక మందే ఉండాలని, రెండు గంటల్లో ముగించాలని, మీరితే యాభై వేలు జరిమానా అని ఆదేశం ఇచ్చింది. "రెండు గంటల్లో నేను పందిరి గుంజలు కూడా పాతలేను" అనేవాడు. ఆ ఏడాది నాలుగు వందల కుర్చీలను ప్లాస్టిక్ తూకానికి అమ్ముకున్నాడు. కాంటా వేసింది నేనే.

అన్నయ్య జిల్లా పరిషత్ బడిలో మాస్టారు, ఎర్రజెండా మనిషి. ప్రజల ఆరోగ్యాన్ని వ్యాపారానికి వదిలితే శవాలే మిగులుతాయని, ప్రభుత్వం గట్టిగా నిలబడి అందరికీ టీకా వేయించాలని ఆయన వాదన. 2021 నవంబరులో ఔరంగాబాద్ జిల్లాలో ఒక్క డోసైనా వేసుకోనివారికి రేషన్, పెట్రోలు ఇవ్వవద్దని ఆదేశం వచ్చింది. అన్నయ్య దాన్ని సమర్థించాడు. ఆ డిసెంబరులో మా నాన్నగారి తద్దినం. ఇద్దరూ ఒకే బంతిలో కూర్చున్నారు. "బీదవాడి కంచం లాక్కునే ఎర్రజెండా నేనెక్కడా చూడలేదు. నెల తిరిగేసరికి జీతం వచ్చేవాడికి లాక్‌డౌన్ అంటే సెలవు" అన్నాడు బావ. "నాకు కూడా 2020 మార్చి జీతం రెండు ముక్కలుగా వచ్చింది" అన్నాడు అన్నయ్య. "ముక్కలైనా వచ్చింది కదా!" అని బావ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. తద్దినం భోజనం మధ్యలో లేవడం ఎంత తప్పో మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఇంతకీ నాది ఏ పక్షమని అక్క అడుగుతుంది. ఏదీ చెప్పలేకపోతున్నాను, కారణం ఉంది. 2021 నవంబరు 27న రాష్ట్రమంతటికీ ఒక ఆదేశం వచ్చింది. దుకాణంలో పనిచేసేవాళ్లు, వచ్చేవాళ్లు రెండు డోసులూ వేసుకుని ఉండాలి. లేకపోతే మనిషికి 500, దుకాణానికి 10,000 జరిమానా. బస్సు ఎక్కాలన్నా అదే షరతు. (ఆ చలికాలమంతా ఎస్టీ, అంటే మా రాష్ట్ర రవాణా సంస్థ, ఉద్యోగుల సమ్మె, అసలు బస్సులే సరిగా తిరగలేదు. లేని బస్సుకు కూడా నిబంధన రాశారు.) జనవరి మొదటి వారంలో మా సేఠ్ నన్ను గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. హమాలీలలో చాలామందికి స్మార్ట్ ఫోను లేదు. టీకా సర్టిఫికెట్‌ను కాగితం మీద తీయించి, ప్లాస్టిక్ అతికించి చొక్కా జేబులో పెట్టుకునేవాళ్లు. వారం తిరిగేసరికి దాని మీద మిర్చి దుమ్ము పేరుకుని ఎర్రబడేది. నేను బొటనవేలితో తుడిచి చదవాలి, తుడిచిన వేలు పొరపాటున కంటికి తగిలితే ఇక ఆ పూట అంతే.

తాలు కాయలు ఏరే ఒకామె వచ్చింది. ఆమె దగ్గర ఒక్క డోసు కాగితమే ఉంది. మొదటిది డిసెంబరు 4న వేసుకుంది. అప్పట్లో కోవిషీల్డ్‌కు రెండో డోసు 84 రోజుల తర్వాతే వేసేవారు. గోడ మీద క్యాలెండర్ దగ్గర నిలబడి ఇద్దరం లెక్కపెట్టాం, ఫిబ్రవరి 26 తేలింది. "వేసుకోనని నేను అన్నానా సారూ?" అని అడిగింది. లోపలికి పంపలేదు. చెప్పుల్లోంచి మట్టి దులుపుకుని వెళ్లిపోయింది.

నేను అడగదలచింది ఏమిటంటే, ఆ ఆదేశం చట్టం ముందు నిలబడేదేనా? మీ ఇళ్లలో ఇలాంటివి ఎలా సర్దుకున్నారు? దయచేసి ఫోనులో తిరిగే వీడియోలు పంపకండి. రెండు వైపులవీ నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

దెగ్లూర్ నల్లకోటు:

గుమాస్తా గారూ, చట్టం సంగతి నేను చెప్తాను, బుట్ట సంగతి పెద్దలు చూసుకుంటారు.

టీకా ఐచ్ఛికమేనని, సర్టిఫికెట్ చూపడం తప్పనిసరి చేస్తూ తాము ఏ మార్గదర్శకాలూ ఇవ్వలేదని కేంద్రం 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు రాసి ఇచ్చింది. ఆ షరతులు రాష్ట్రాలు పెట్టుకున్నవి. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో తీర్పు వచ్చింది. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ గవాయ్ ధర్మాసనం. రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం మనిషి శరీరం మీద హక్కు మనిషిదే, ఎవరికీ బలవంతంగా సూది వేయకూడదని చెప్పింది. అలాగని ప్రభుత్వం చేతులు కట్టేయలేదు. నలుగురి ఆరోగ్యం కోసం ఆంక్షలు పెట్టవచ్చు, కాకపోతే అవసరానికి తగినంతే ఉండాలి. వేసుకోనివారి వల్ల వేసుకున్నవారి కంటే ఎక్కువగా వ్యాధి పాకుతుందని రాష్ట్రాలు ఏ ఆధారమూ చూపలేదు కాబట్టి, ఆ షరతులు అప్పటి పరిస్థితికి తగినవి కావని తేల్చింది. కేంద్రం టీకా విధానాన్ని మాత్రం సమంజసమేనంది. మీ అన్నయ్య ఈ చివరి ముక్క చదువుతారు, మీ బావగారు మొదటి ముక్క చదువుతారు.

మీ గేటు విషయానికొస్తే, మన రాష్ట్రంలో ఆంక్షలు 2022 గుడిపాడ్వా (ఉగాది) నాటికే ఎత్తేశారు. తీర్పు వచ్చేసరికి ఊళ్లో గేట్లన్నీ తెరిచే ఉన్నాయి.

బావగారు అమెరికా పేరెత్తితే ఒకటి గుర్తుపెట్టుకోండి. వంద మంది, అంతకంటే ఎక్కువ ఉన్న కంపెనీల్లో టీకా లేదా వారం వారం పరీక్ష తప్పనిసరి అన్న బైడెన్ ప్రభుత్వ ఆదేశాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2022 జనవరి 13న ఆపేసింది. అదే రోజు ఆస్పత్రి సిబ్బందికి పెట్టిన షరతును ఉండనిచ్చింది. వీడియోలో ఒకటే చూపిస్తారు.

సిరొంచ ఆశా:

అన్నా, నేను గడ్చిరోలి జిల్లాలో ఆశా కార్యకర్తను. ప్రాణహిత పక్కన మా ఊళ్లు. మీరంతా వేసుకోనివాళ్లు అంటే ఏదో పంతం పట్టినవాళ్లన్నట్టు రాస్తున్నారు. నేను చూసింది చెప్తాను.

18 దాటినవాళ్లకు 2021 మేలో టీకా మొదలైంది. మాకు అది బీడీలు చుట్టే తునికాకు కాలం. తెల్లవారకముందే అడవికి పోతారు, మధ్యాహ్నం కట్టలు కట్టి సాయంత్రం కల్లంలో ఇస్తారు. ఏడాదిలో చేతికి నోట్లు కనిపించేది ఆ రెండు మూడు వారాలే. సూది వేస్తే జ్వరం వస్తుందని విన్నారు. చచ్చిపోతామన్న భయం కొందరిదే. మిగతావాళ్లు, "రెండు రోజుల కట్టలు పోతాయి, నువ్విస్తావా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పై నుంచి మాత్రం, "ఎందుకు వేయించడం లేదు, ఎందుకు లేదు" అని రోజూ ఫోన్లు.

ఆకు సీజను అయిపోయాక మళ్లీ ఇంటింటికీ తిరిగాను. మా అత్తకు వాకిట్లో అందరి ముందు వేయించాను. జ్వరం మాత్రలు నా చేత్తో ఇచ్చి, మర్నాడు పొద్దున వెళ్లి పలకరించాను. అలా వచ్చారు. ఆ జూన్‌లోనే మేము కూడా జీతం కోసం సమ్మె చేశాం. నెలకు వెయ్యి పెంపు, కోవిడ్ భత్యం 500 ఇచ్చారు. జనాన్ని ఒప్పించినందుకు మాకు దక్కింది అది.

ఆ తాలు కాయల ఆమె మళ్లీ వచ్చిందా? అది రాయలేదు మీరు.

కిన్వట్ కిరాణా:

నేను మీ అన్నయ్య వైపు. 2021 మార్చి నుంచే అరవై దాటినవాళ్లకు టీకా వేశారు. మా అమ్మకు 61. ఎవరో పంపిన వీడియో చూసి వద్దంది, మేము కూడా నచ్చజెప్పలేదు. ఏప్రిల్ నెలాఖరున ఆక్సిజన్ సిలిండర్ కోసం నేను, తమ్ముడు రెండు రాత్రులు వరుసలో నిలబడ్డాం. మూడో రోజు సిలిండర్ దొరికింది. అప్పటికి దాని అవసరం తీరిపోయింది. రేషన్ ఆపుతామని అప్పుడే ఎవరైనా బెదిరించి ఉంటే మా అమ్మ వెళ్లి వేయించుకునేది. ఇంతకంటే రాయలేను.

పర్లాకిమిడి పోస్టాఫీసు:

బాబూ, నేను తపాలా శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. మాకు మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. అక్కడికి కూతురిని ఇచ్చాను. 2020లో రాష్ట్రాల సరిహద్దులు మూసేస్తే, నా బీపీ మాత్రలు అల్లుడు అటు నుంచి తెచ్చి అడ్డుగా కట్టిన వెదురు మీదుగా అందించేవాడు. ఇటు ఒడియా పోలీసు, అటు తెలుగు పోలీసు. ఇద్దరూ నన్ను తెలుగులోనే కసిరారు.

మీ ఇంట్లో గొడవ ప్రభుత్వమా, వ్యాపారమా అని కదా. 2021లో టీకాల విషయంలో రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కోవాగ్జిన్ హైదరాబాద్ ప్రైవేటు కంపెనీదే, కానీ ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి చేసింది. మే 1 నుంచి టీకాల్లో సగం కేంద్రానికి, పావు రాష్ట్రాలకు, పావు ప్రైవేటు ఆస్పత్రులకు అన్నారు. కోవిషీల్డ్ కేంద్రానికి 150, రాష్ట్రానికి 300, ప్రైవేటుకు 600. సీసా ఒకటే, కొనేవాడిని బట్టి ధర. మా పోస్టాఫీసులో ఒకే కవరుకు మనిషిని బట్టి స్టాంపు అంటిస్తే మమ్మల్ని ఇంటికి పంపేవారు. సుప్రీంకోర్టు కూడా ఆ విధానాన్ని తప్పుపట్టింది. కేరళ, ఒడిశా, ఆంధ్ర ముఖ్యమంత్రులు ముగ్గురివీ మూడు వేర్వేరు పార్టీలు. కొన్ని రోజుల తేడాలో ముగ్గురూ తోటి ముఖ్యమంత్రులకు ఒకే రకం ఉత్తరాలు రాశారు, కేంద్రమే కొని ఇవ్వాలని. జూన్ 7న ప్రధాని ఒప్పుకున్నారు, 21 నుంచి రాష్ట్రాల వాటా కూడా కేంద్రమే కొనిచ్చింది. మీ అన్నగారికి ఇది చెప్పండి, సంతోషిస్తారు. టీకా తయారుచేసింది కంపెనీలేనని బావగారికి చెప్పండి, ఆయన కూడా సంతోషిస్తారు.

మా ఒడిశాలో అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ 2020 ఏప్రిల్‌లో సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చారు. సూరత్ నుంచి వచ్చిన మా వీధి కుర్రాళ్లు క్వారంటైన్ పూర్తి చేస్తే రెండు వేలు ఇస్తామన్నారు. తలుపు వేసి ఉంచడంతో పాటు చేతిలో డబ్బు పెట్టడం నాకు నచ్చింది. ఆ డబ్బు ఆలస్యంగా వచ్చిందని వాళ్లు తిట్టుకోవడం కూడా విన్నాను లెండి.

ధర్మాబాద్ గుమాస్తా:

అందరికీ ధన్యవాదాలు. కిన్వట్ అన్నకు ఏమి రాయాలో తెలియడం లేదు.

ఆదివారం బావ ఇంటికి వెళ్లి ఇదంతా చదివి వినిపించాను. కోర్టు సంగతి వస్తే, "చూశావా" అని ఒకసారి తొడ చరిచాడు. ధరల సంగతికి ఏమీ అనలేదు. చెల్లెమ్మ తునికాకు గురించి రాసింది చదివినప్పుడు బీడీ ఆర్పేశాడు. ఆఖరున, "ఆ తాలు కాయల మనిషికి ఆ రోజుల కూలి ఎవరిచ్చారు?" అని అడిగాడు. ఎవరూ ఇవ్వలేదన్నాను. "మీ సేఠ్?" ఇవ్వలేదు. "గేటు దగ్గర కూర్చున్నందుకు నీకు జీతం వచ్చిందా?" వచ్చింది. "మరి మీ అన్నకూ నీకూ తేడా ఏముంది?" అని లోపలికి వెళ్లిపోయాడు.

నిన్న పాత హాజరీ పుస్తకం తీశాను. ఆమె పేరు ఎదురుగా 42 గళ్లు ఖాళీ. అప్పట్లో రోజుకు 250. అంటే 10,500. దుకాణానికి పడుతుందని భయపడిన జరిమానా 10,000. చెల్లెమ్మా, ఆమె మళ్లీ మా దుకాణానికి రాలేదు. బిలోలీ వైపు ఎక్కడో సోయా గోదాములో పనిచేస్తోందని హమాలీలు చెప్పారు. సేఠ్‌ను అడిగితే నవ్వాడు. నా దగ్గరున్నది ఆరు వేలు. అన్నయ్యకు ఫోను చేసి, ఎందుకో చెప్పకుండా నాలుగున్నర వేలు అడిగాను. "ఎందుకు?" అన్నాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, బావకు ఇది తెలుసా అని అడిగాడు.

వచ్చే ఆదివారం బిలోలీ వెళ్తున్నాం, అన్నయ్య కూడా వస్తానన్నాడు. బుట్ట సంగతి ఇంకా తేలలేదు. అక్క మాత్రం బుట్ట కొనేసింది, చాలా పెద్దది.