అన్నను చంపేశారు. తమ్ముడు అన్న బూట్లేసుకుని తిరుగుతున్నాడు. మేం ఏం చేయాలి?

చిన్నపిన్ని రాసింది:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా అక్క పెద్దకొడుకుకి ఇరవై రెండేళ్లు. నాలుగు నెలల క్రితం బైకు తగిలిందన్న గొడవలో కత్తితో పొడిచారు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. పొడిచినవాడికి పంతొమ్మిది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గ్రౌండ్‌లో ఆడుకున్నవాళ్లే.

మొదటి పదిహేను రోజులు ఇంటినిండా జనం. కుర్చీలు చాల్లేదు. ఇప్పుడు గేటు చప్పుడైతే చాలు, అక్క ఉలిక్కిపడుతుంది. ఎవరూ రావడం లేదు మరి. వచ్చే ఒకరిద్దరూ అనేవి రెండే మాటలు: "ఎంతకాలం ఇలా ఉంటావు", "రెండోవాడి మొహం చూసైనా లేవాలి కదా". ఆ రెండో మాట పక్కగదిలోంచి రెండోవాడు వింటూనే ఉంటాడు.

నా టెన్షనంతా వాడి గురించే. పదహారేళ్లు. వాడి కాలు ఏడో నంబరు, అన్నది తొమ్మిది. అన్న స్పోర్ట్స్ షూల ముందు భాగంలో సాక్సులు కుక్కి వాటినే వేసుకుంటున్నాడు. నడుస్తుంటే మడమ దగ్గర టపటపమంటుంది. మొదటిరోజు ఆ చప్పుడు విని పెద్దాడే వచ్చాడనుకుని అక్క పరుగెత్తుకెళ్లి తలుపు తీసింది. ఆ తర్వాత ఏం జరిగిందో రాయలేను.

కాలేజీ మానేశాడు. సాయంత్రం ఏడైతే అన్న ఫ్రెండ్స్ నలుగురు రెండు బైకుల మీద వస్తారు. వీణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారు. మొన్న వాట్సాప్ స్టేటస్‌లో అన్న ఫొటో పెట్టి, కింద "బాకీ ఉంది" అని రాశాడు. అరగంటలో తీసేశాడు. నేను చూశానంటే అవతలివాళ్లూ చూసే ఉంటారు.

మా కాలనీలో ఏడెనిమిది మందిమి కలిశాం, ఏదైనా చేద్దామని. ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారు, ఒక నర్సు, మెకానిక్ షాపాయన, ఇంకొందరు. ఒకాయన అంటారు, కుర్రాళ్లందర్నీ జైలుకి తీసుకెళ్లి చూపిద్దాం, దెబ్బకి దారికొస్తారని. ఇంకొకరు మీటింగ్ పెట్టి అక్కతో మాట్లాడిద్దామంటారు. రెండింటికీ నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదంటే మాత్రం నాలుగు మాటల్లో చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మా దగ్గర డబ్బు పెద్దగా లేదు, మనుషులున్నారు.

నీలిగడప:

పిన్నిగారూ, ఆరేళ్ల క్రితం మా తమ్ముణ్ణి ఇలాగే పోగొట్టుకున్నాం. బాబు సంగతి తెలిసినవాళ్లు రాస్తారు, నేను మీ అక్కగారి గురించే చెప్తాను.

ముందుగా ఆ "ఎంతకాలం" అనేవాళ్ల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీర్ఘకాలం తగ్గని దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. ఆ పేరు పెట్టాలన్నా కనీసం ఆరు నెలలు దాటాలి. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం 2022 ఎడిషన్ అయితే పెద్దవాళ్లకి ఏడాది గడవాలంటుంది. డాక్టర్లే నాలుగు నెలలకి పేరు పెట్టని దానికి చుట్టాలు పెట్టేస్తున్నారు. అలాగని ఆవిడ తిండి, నిద్ర పూర్తిగా మానేసినా, చచ్చిపోవాలని ఒక్కసారి అన్నా, లెక్కలు చూసుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మాకు నిజంగా పనికొచ్చినవి చాలా చిన్నవి. మా వీధిలో ఒకావిడ ఒక పొడుగు నోటుబుక్కు కొని, కేసు సంగతులన్నీ అందులో రాసేది. ఏ రోజు ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు, తర్వాతి వాయిదా ఎప్పుడు, ఏ కాగితం ఎక్కడుంది. పోలీసులు, లాయరు, ఆఫీసులు, అందరూ ఆవిడకే ఫోన్ చేసేవారు. జరిగింది మా అమ్మ మళ్లీ మళ్లీ చెప్పాల్సిన బాధ తప్పింది. ప్రతిసారీ మొదటినుంచి చెప్పడమంటే ప్రతిసారీ మళ్లీ జరిగినట్టే.

రెండోది, మూడో నెల తర్వాత వచ్చేవాళ్లు కావాలి. మీరు ఏడెనిమిది మంది కదా, వారానికి ఒకరు వంతులేసుకోండి. వెళ్లి ఓదార్చక్కర్లేదు. కరెంటు బిల్లు కట్టాలా, గ్యాస్ బుక్ చేయాలా అని అడిగి ఆ పని చేసి రండి. అబ్బాయి పేరు పలకండి. అందరూ ఆ పేరు ఎత్తడం మానేస్తే తల్లికి కొడుకు రెండోసారి పోయినట్టుంటుంది.

ఇలాంటి తల్లిదండ్రులు ఒకరికొకరు తోడుండటం కొత్తేమీ కాదు. అమెరికాలోని సిన్సినాటిలో హలింజర్ దంపతులు కూతురు హత్యకు గురయ్యాక, 1978లో "పేరెంట్స్ ఆఫ్ మర్డర్డ్ చిల్డ్రన్" మొదలుపెట్టారు. బోస్టన్‌లో 1993 డిసెంబరులో లూయిస్ బ్రౌన్ అనే పదిహేనేళ్ల అబ్బాయి ఎవరో కాల్చుకుంటుంటే మధ్యలో చిక్కి చనిపోయాడు. వాళ్లమ్మ టీనా షెరీ మరుసటి ఏడాదే అబ్బాయి పేరుతో ఒక సంస్థ పెట్టారు. అంత్యక్రియల దగ్గర్నుంచి ఏ పని ఎలా చేసుకోవాలో కుటుంబాలకి ఒక పుస్తకంలా రాసిస్తారు. నాకు మింగుడుపడటానికి చాలాకాలం పట్టిన విషయం ఇంకొకటుంది. హత్య చేసినవాళ్ల కుటుంబాలకి కూడా వాళ్లు సాయం చేస్తారు. మొదట చదివినప్పుడు ఒళ్లు మండింది. తర్వాత మా కేసులో వాళ్ల చెల్లెలు కోర్టు మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉండటం చూశాను. ఇప్పుడు అంత మంటగా లేదు. ఇది మీరు ఈ రోజే ఆలోచించక్కర్లేదు.

స్టేజి మాత్రం వద్దు. ఆవిడ అడిగితే అప్పుడు చూద్దురు. అడగకుండా మైకు చేతికిస్తే అది మీటింగు కోసం ఆవిడ చేసే సాయం అవుతుంది, ఆవిడకి సాయం కాదు.

పాతబెంచీ:

మేడమ్, పాతికేళ్లు కుర్రాళ్ల మధ్య పనిచేశాను, ముందు టీచరుగా, తర్వాత ఒక యూత్ సెంటర్లో.

జైలు టూరు ఆలోచన అక్కడితో ఆపేయండి. 1970లలో అమెరికాలో న్యూజెర్సీలోని రాహ్‌వే జైలుకి కుర్రాళ్లని తీసుకెళ్లి ఖైదీలతో అరిపించి భయపెట్టేవారు. బాగా పాపులర్ అయింది, చాలాచోట్ల కాపీ కొట్టారు. తర్వాత చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, ఆ టూరుకి వెళ్లిన పిల్లలే వెళ్లనివాళ్లకంటే ఎక్కువగా నేరాలు చేశారని తేలింది. మేమూ ఒకసారి చేశాం, ఒప్పుకుంటున్నాను. తిరిగొచ్చే బస్సులో మావాళ్లు లోపలున్న ఫలానా అన్న ఎంత గట్టివాడో చెప్పుకుంటూ వచ్చారు.

పనిచేసింది వేరు. షికాగోలో గ్యారీ స్లట్‌కిన్ అనే డాక్టరున్నారు, అంతకుముందు ఆఫ్రికాలో టీబీ, కలరా, ఎయిడ్స్ మీద పనిచేసినాయన. ఒక హత్య ఇంకో హత్యకి దారితీయడం చూసి, ఇది అంటురోగం పాకినట్టే పాకుతోందన్నారు. 2000లో ఒక పేటలో మొదలుపెట్టి, గొడవల్లోంచి బయటపడినవాళ్లనే జీతమిచ్చి పెట్టుకున్నారు. ఎవరైనా దెబ్బతిన్నారని తెలియగానే ఆ రాత్రే వెళ్లి, పగ తీర్చుకోవాలనుకునేవాళ్ల పక్కన కూర్చోవడమే వాళ్ల పని. అన్ని ఊళ్లలో ఒకేలా ఫలితం రాలేదు. మీకు పనికొచ్చేది మాత్రం అందులో ఉంది: వెళ్లే మనిషి మాటకి ఆ కుర్రాడి దగ్గర విలువ ఉండాలి. మీకూ నాకూ ఆ విలువ లేదు.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 2005లో పోలీసులే హింస తగ్గించడానికి ఒక ప్రత్యేక విభాగం పెట్టుకున్నారు. 2008లో గ్యాంగుల కుర్రాళ్లని కోర్టు హాలుకి పిలిపించారు. ఇక ఊరుకునేది లేదని పోలీసులు చెప్పారు. గాయాలు కుట్టే డాక్టరు మాట్లాడారు. ఒక తల్లి మాట్లాడింది. చివర్లో, మానేయాలనుకుంటే ఫోన్ చేయమని ఒక నంబరు చేతిలో పెట్టారు. ఆ నంబరు వెనక చదువు, ఉద్యోగం, తాగుడు మాన్పించడం, అన్నీ రెడీగా ఉన్నాయి. అదే లేకపోతే ఆ సభ కూడా ఒట్టి లెక్చరే అయ్యేది.

కాబట్టి మెకానిక్ షాపాయన్ని గట్టిగా పట్టుకోండి. సాయంత్రం ఏడుకి బైకులొస్తాయన్నారు కదా. ఆరున్నరకి వాడికి వేరే చోట పనుండాలి.

సూటిగా1:

ఇవన్నీ బాగానే ఉన్నాయి. "బాకీ ఉంది" అని రాసినవాడి గురించి పోలీసులకి చెప్పకుండా మెకానిక్కు, నోటుబుక్కు ఏంటండీ? రేపు ఏదైనా జరిగితే?

పాతబెంచీ:

అడగాల్సిన ప్రశ్నే. నేను పెట్టుకున్న గీత ఇది. కత్తి కొన్నాడనో, ఫలానా రోజు ఫలానావాడని పేరు పెట్టి అన్నాడనో తెలిస్తే అది దాచే విషయం కాదు, వెంటనే చెప్పాలి. ఆ మాట కుర్రాడికి కూడా మొదటిరోజే చెప్తాను, తర్వాత మోసం చేశావనకుండా. స్టేటస్ ఒక్కటే అయితే ముందు ఇంట్లోవాళ్లు అడగాలి. నేరుగా అడగండి: "ఎవరినైనా ఏమైనా చేద్దామనుకుంటున్నావా?" అని. అడిగితే ఐడియా ఇచ్చినట్టవుతుందని భయపడకండి. ఆ ఐడియా నలుగురు రోజూ ఇస్తూనే ఉన్నారు.

తొమ్మిదోనంబర్:

పిన్నిగారూ, ఈ ఐడీ ఇప్పుడే పెట్టాను, మీ పోస్టు చూసి. నేను ఆ పదహారేళ్లవాణ్ణే. అంటే పదకొండేళ్ల క్రితం.

మా అన్న పోయాక ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అందరూ "అమ్మని చూసుకో" అనేవారు. నన్ను చూసుకోమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. అన్న ఫ్రెండ్స్ మాత్రం రోజూ వచ్చేవారు. వాళ్లు చెడ్డవాళ్లని మీరనుకుంటున్నారు. వాళ్లకీ ఫ్రెండు పోయాడండీ. ఏడవడం రాక బైకులేసుకుని తిరిగేవాళ్లం, అంతే మొదట్లో. అన్న గురించి మాట్లాడే చోటు నాకు అదొక్కటే ఉండేది. ఇంట్లో మాట్లాడితే అమ్మ పడిపోయేది.

రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా చాలా కష్టం. పగలు ఎలాగో గడిచేది.

నన్ను ఆపింది లెక్చరు కాదు. మా కజిన్ ఒకడు రోజూ రాత్రి వచ్చి నా పక్కన కూర్చుని ఫోన్లో గేమ్ ఆడేవాడు. మాట్లాడేవాడు కాదు. రెండు నెలలు అలా వచ్చాడు. ఒకరోజు నేనే చెప్పాను, ఫలానా రోజు వెళ్దామనుకుంటున్నాం అని. వాడు గేమ్ ఆపలేదు. "అమ్మకి ఎవరు చెప్తారు, నేనా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అంతకుముందు నేను పొడవడం గురించి వందసార్లు ఆలోచించాను, మరుసటి రోజు పొద్దున అమ్మ గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

బూట్లు తీసేయకండి. దాచేయకండి. మా అన్న చొక్కా మావాళ్లు ఎవరికో ఇచ్చేశారు, నా మంచికేనట. నేను ఇంట్లోంచి వెళ్లిపోయింది ఆ రాత్రే.

చిన్నపిన్ని:

తొమ్మిదోనంబర్ బాబూ, నీ మాటలు మూడుసార్లు చదివాను. నిజం చెప్తున్నా, నిన్ననే ఆ బూట్లు అటకమీద పెట్టేద్దామనుకున్నాను.

ఈ పది రోజుల్లో ఏం చేశామో రాస్తాను. జైలు టూరు పోయింది, ఆయన కొంచెం అలిగారు, పర్లేదు. నోటుబుక్కు పోస్ట్‌మాస్టరు గారు తీసుకున్నారు, రిజిస్టరులా గీతలు కూడా కొట్టారు. పెద్దాడి ఫోన్ పోలీసుల దగ్గరే ఉంది, కేసు అయ్యేదాకా ఇవ్వరట. అందులోని ఫొటోల కాపీ అయినా ఇప్పించమని లాయరుతో అడిగించారు. అది అడగొచ్చని కూడా మాకు తెలీదు.

మెకానిక్ షాపుకి వీడు మూడు రోజులు వెళ్లాడు, రెండు రోజులు ఎగ్గొట్టాడు. ఆ నలుగుర్నీ ఇంట్లోకి పిలిచాను. బయట బైకు మీద హారన్ కొట్టేవాళ్లు లోపలికొచ్చి కూర్చుంటే నలుగురూ చిన్నపిల్లల్లా ఉన్నారు. ఒకడు పెద్దాడి గురించి ఏదో తిక్కపని చెప్పాడు, స్కూల్లో టీసీ కోసం చేసింది. అక్క నవ్వింది. నాలుగు నెలల తర్వాత.

స్టేటస్ గురించి నేరుగా అడిగాను. "ఏమో పిన్నీ" అన్నాడు. "లేదు" అనలేదు. అందుకే రాత్రిళ్లు మా అబ్బాయి వెళ్లి వాడి గదిలోనే పడుకుంటున్నాడు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. వచ్చే వారం మొదటి వాయిదా. వీడు వస్తానంటున్నాడు. అవతలివాడిని చూస్తాడు, వాళ్లవాళ్లూ ఉంటారు. తీసుకెళ్లాలా వద్దా?

నీలిగడప:

వద్దంటే ఒక్కడే వస్తాడు. తీసుకెళ్లండి, కానీ ముందురోజు ఒకసారి ఖాళీ హాలు చూపించండి. మీరెక్కడ కూర్చుంటారో, అతన్ని ఎటునుంచి తెస్తారో, బయటికి దారేదో. మాకు మొదటిరోజు ఇవేవీ తెలీక సరిగ్గా ఆ తలుపు పక్కనే నిలబడ్డాం. అతను మా అమ్మ భుజానికి తగులుతూ వెళ్లాడు.

తొమ్మిదోనంబర్:

బైకుల మీద కాదు, మీతోనే రావాలని ముందే మాట తీసుకోండి. మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఎవరినీ అడక్కుండా వెళ్లొచ్చని చెప్పండి, కూడా ఒకరు వెళ్లండి. నాకు పదినిమిషాలే పట్టింది.

చిన్నపిన్ని:

రేపు నాలుగింటికి ఖాళీ హాలు చూడ్డానికి వెళ్తున్నాం, నేను, మా అబ్బాయి, వాడు. పోస్ట్‌మాస్టరు గారు అక్కడ క్లర్కుని అడిగి ఉంచారు. ఆ బూట్లే వేసుకుంటాడట. సరే అన్నాను.