షాంపూ చిక్కదనానికి ఉప్పు సరిపోతుందా, గమ్ తప్పనిసరా?

హనుమకొండ సభ్యురాలు: ఎస్‌ఎల్‌ఈఎస్, కోకో బీటైన్ అనే నురగనిచ్చే పదార్థాలతో అమ్మకానికి షాంపూ కలుపుతున్నాను. ఉప్పునీళ్ళు పోస్తుంటే మొదట చక్కగా చిక్కబడింది. మరికొంచెం పోయగానే ఒక్కసారిగా పల్చబడిపోయింది. లోపమెక్కడుందో చెప్పగలరు.

కాజీపేట సభ్యుడు: ఉప్పు హద్దు దాటిందమ్మా. ఎస్‌ఎల్‌ఈఎస్ అణువులు నీటిలో గుంపులు కడతాయి; ఉప్పు చేరినకొద్దీ ఆ గుంపులు పొడవాటి పోగులుగా సాగి చిక్కుపడతాయి కాబట్టే ద్రవం చిక్కబడుతుంది, మోతాదు మించితే ఆ అల్లిక పట్టు సడలి మళ్ళీ పల్చబడుతుంది. పైగా బజారులో దొరికే బీటైన్ ద్రావణంలోనే సుమారు 5 శాతం ఉప్పు ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కవేయరు. ఒక గ్లాసులో కొంచెం తీసుకొని కొద్దిగా నీళ్ళు కలిపి చూడండి. చిక్కబడితే ఉప్పు మించినట్టే.

పరకాల సభ్యురాలు: ఉప్పు జోలికే పోవద్దు అక్కా. చిక్కదనమిచ్చే జిగురు పొడి జాంథన్ గమ్‌ను ముందు గ్లిజరిన్‌లో తడిపి, ఆ తరువాత నీళ్ళలో వేస్తే ఉండలు కట్టదు. చలికాలంలో గట్టిగా నిలిచిన నా ఉప్పు షాంపూ, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటగానే నీళ్ళయిపోయి, దుకాణంవారు సీసాలన్నీ తిరిగి పంపించారు.

కాజీపేట సభ్యుడు: గమ్ ఎక్కువైతే షాంపూ జిగటగా తీగ సాగుతుంది. ప్రిజర్వేటివ్ సరిపోకపోతే సూక్ష్మజీవులు గమ్‌ను తినేసి, నిలవలో అదీ పల్చబడుతుంది.

జనగామ సభ్యుడు: సెంటు వేశాక పల్చబడిందా, ముందేనా? సెంటు మారినా చిక్కదనం మారుతుంది.

పరకాల సభ్యురాలు: నేను ఎండ సంగతి చెబితే మీరు సూక్ష్మజీవుల సంగతి చెబుతారు! డబ్బు కట్టి శిక్షణకు వెళ్తే, ఎస్‌ఎల్‌ఈఎస్ సగానికి తగ్గించి, పోయిన చిక్కదనాన్ని ఉప్పుతో రాబట్టుకొమ్మని నేర్పించారు. కొన్నవాళ్ళు నురగ రాలేదని నన్ను నిలదీశారు, నేర్పినవాళ్ళను కాదు. అందుకే ఉప్పు పేరెత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కాజీపేట సభ్యుడు: అయితే మీ తగాదా ఉప్పుతో కాదమ్మా, నీళ్ళను చిక్కగా చూపించి అమ్మడంతో. ఆ మోసం గమ్‌తో ఇంకా సులువు, ఎందుకంటే గమ్‌కు ఎస్‌ఎల్‌ఈఎస్ అసలే అక్కరలేదు, వట్టి నీళ్ళనైనా చిక్కబరుస్తుంది. ఉప్పు పనిచేయాలంటే లోపల సరుకు కొంతైనా ఉండాలి.

పరకాల సభ్యురాలు: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కొనేవాళ్ళు అరచేతిలో పోసుకొని, వేళ్ళ సందుల్లోంచి జారుతుందా లేదా అనే చూస్తారు. మీ పోగుల లెక్క వాళ్ళకెందుకు? ఎండాకాలం సీసా తిరిగి రాకూడదు, నాకు కావలసింది అదే.

కాజీపేట సభ్యుడు: అలాగైతే ఉప్పు తగ్గించి, కొంచెం గమ్ కూడా కలపండి. ఏది కలిపినా సీసాను ఎండపట్టున నిలవ ఉంచి చూశాకే దుకాణానికి ఇవ్వండి.

హనుమకొండ సభ్యురాలు: గ్లాసులో నీళ్ళు కలపగానే చిక్కబడింది. ఉప్పు వేయని మరో వాయి కలిపి, దీన్ని అందులో కొంచెం కొంచెంగా పోస్తాను. ఎస్‌ఎల్‌ఈఎస్ మాత్రం తగ్గించను.